లెన్సు కన్నా ముందు నది

తెల్లవారుజామున ఫొటోలకు పనికొచ్చే బంగారు వెలుగు గంటసేపు ఉంటుందని ఫొటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలు చాలావరకు చలిదేశాల్లో కూర్చుని రాసినవి. రాజమండ్రిలో ఆ లెక్క నమ్ముకుని, తీరిగ్గా టీ తాగి రేవుకి వెళ్తే మిగిలేది తెల్లటి ఎండే.

కారణం కెమెరాలో లేదు, భూగోళంలో ఉంది. లండన్‌లో సూర్యుడు దిగంతం వెంబడి ఏటవాలుగా, నింపాదిగా పైకెక్కుతాడు. మనకు ఇంచుమించు నిటారుగా లేస్తాడు. రాజమండ్రి ఉన్నది 17వ అక్షాంశం మీద. అక్కడ సూర్యుడు దిగంతం నుంచి 6 డిగ్రీల ఎత్తుకి చేరడానికి సుమారు 25 నిమిషాలు చాలు. ధనుర్మాసంలో అయితే ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. లండన్‌లో అదే ఎత్తుకి 40 నిమిషాలు, చలికాలంలో 50కి పైనే. కాబట్టి గోదావరి గట్టున ఫొటోలు తీయాలనుకునేవాళ్ళు సూర్యోదయానికి ముందే కెమెరా సిద్ధం చేసుకుని నిలబడి ఉండాలి. సూర్యుడు కనిపించాక సంచీ విప్పడం మొదలుపెడితే ఆ పూటకి పని అయిపోయినట్టే.

ఆ వెలుగుకి ఆ రంగెందుకు వస్తుందో తెలిస్తే ఎప్పుడు పోతుందో కూడా తెలుస్తుంది. గాలిలోని అణువులు నీలికాంతిని ఎర్రకాంతి కన్నా దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. దిగంతం మీద ఉన్న సూర్యుడి కాంతి మన దాకా రావాలంటే, నడినెత్తిన ఉన్నప్పటి కన్నా 38 రెట్లు ఎక్కువ గాలిని దాటాలి. దారిలోనే నీలం చెదిరిపోయి పసుపు, నారింజ, ఎరుపు మిగులుతాయి. సూర్యుడు పైకొచ్చేకొద్దీ ఆ గాలి మందం చాలా త్వరగా తగ్గిపోతుంది. రంగు వెలిసిపోయేదీ అంతే త్వరగా.

ఇంకో చిన్న విషయం, ఊరివాళ్ళకి తెలిసినా బయటినుంచి వచ్చేవాళ్ళు పట్టించుకోనిది. రాజమండ్రి నదికి తూర్పు గట్టు మీద ఉంది, కొవ్వూరు పడమటి గట్టు మీద. నీళ్ళ మీంచి లేచే సూర్యుడు కావాలంటే కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి వెళ్ళాలి. నీళ్ళలోకి దిగే సూర్యుడు కావాలంటే రాజమండ్రి రేవులు. పొద్దున్నే పుష్కరాల రేవులో నిలబడి సూర్యోదయం కోసం నదివైపు చూస్తే, సూర్యుడు వీపు వెనక ఊరి మేడల మీంచి లేస్తాడు.

పొద్దున వీపు వెనకున్న సూర్యుడూ కొన్నిటికి మంచిదే. ఎదురుగా ఉండాల్సింది మంచుకి.

డిసెంబరు, జనవరి నెలల్లో గోదావరి మీద పొగలా కదిలే మంచుని ఫొటో తీయాలని రాని ఫొటోగ్రాఫర్ ఉండడు. అది రోజూ ఎందుకు ఉండదో మాత్రం చాలామంది ఆలోచించరు. ఇసుక పగలంతా కాగుతుంది గానీ ఆ వేడి పైపొర దాటి లోపలికి పోదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ వేడంతా పరారుణ కిరణాలుగా పైకి పోయి, తెల్లవారే సరికి ఇసుకతిన్నె చల్లబడి ఉంటుంది. నీటి సంగతి వేరు. ఒక కిలో నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే, కిలో పొడి ఇసుక వదిలేదానికి అయిదింతల వేడి వదలాలి. పైగా పైన చల్లబడ్డ నీరు బరువెక్కి కిందకి దిగితే, కింది వెచ్చటి నీరు పైకొస్తుంది. అందుకే తెల్లవారుజామున నదిలో చెయ్యి పెడితే గాలి కన్నా నీళ్ళే వెచ్చగా తగులుతాయి. తలస్నానానికి దిగేవాళ్ళందరికీ ఇది అనుభవమే.

గట్టు మీద చల్లబడ్డ గాలి బరువుగా ఉంటుంది కాబట్టి పల్లానికి, అంటే నదిలోకి జారుతుంది. నీటి మీద అప్పటికే వెచ్చటి, తేమ నిండిన పలుచటి గాలిపొర ఉంటుంది. రెండూ కలిస్తే ఆ కలయిక అంత తేమని ఆవిరిగా పట్టి ఉంచలేదు. మిగిలినది సన్నటి బిందువులై తేలుతుంది. చలి పొద్దున మన నోటి ఆవిరి పొగలా కనబడేదీ ఈ లెక్కనే. మబ్బు పట్టిన రాత్రి ఇసుక చల్లబడదు, గాలి వీచే రాత్రి పొరలు నిలవవు. ఈ రెండూ లేని రాత్రి, ఫోనులోని వాతావరణ సమాచారంలో కనిష్ఠ ఉష్ణోగ్రత, మంచుబిందు ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) ఒకదానికొకటి దగ్గరగా ఉంటే అలారం పెట్టుకోవచ్చు. ఆ రెండు అంకెల మధ్య బాగా తేడా ఉంటే నిద్రపోవడమే మేలు.

మంచుని ఎటు నుంచి తీయాలన్నది కూడా భౌతికశాస్త్రమే చెబుతుంది. మంచు బిందువు వ్యాసం ఇంచుమించు మిల్లీమీటరులో వందో వంతు. కాంతి తరంగం కన్నా అది చాలా పెద్దది కాబట్టి అన్ని రంగుల్నీ సమానంగా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండేది అందుకే. అయితే ఆ చెదరగొట్టడం అన్ని దిక్కులకీ ఒకేలా జరగదు. ఎక్కువ భాగం కాంతి వచ్చిన దారిలోనే ముందుకి పోతుంది. కాబట్టి సూర్యుణ్ణి ఎదురుగా పెట్టుకుని చూస్తే మంచు వెలిగిపోతుంది, వీపు వెనక పెట్టుకుంటే పేలవమైన తెల్లటి తెరలా ఉంటుంది. కొవ్వూరు గట్టు నుంచి పొద్దున తీసిన మంచు ఫొటోలకి అంత కళ వచ్చేది ఫొటోగ్రాఫర్ గొప్పతనం వల్ల కాదు, నిలబడ్డ చోటు వల్ల.

ఇక నీడలు, అంటే నీటిలో కనిపించే ప్రతిబింబాలు. రాజమండ్రి దగ్గర అఖండ గోదావరి దాదాపు 3 కిలోమీటర్ల వెడల్పు. కింద ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఉంది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ పూర్తిచేయించిన 1852 నాటి ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరిటే బ్యారేజీ ఉంది. వరద లేని రోజుల్లో ఆ నిల్వ నీరు కదలకుండా ఉంటుంది కాబట్టి, 1997లో విశ్రాంతి తీసుకున్న పాత హేవలాక్ వంతెన స్తంభాలు, పక్కన విల్లు వంపుల కొత్త వంతెన నీటిలో తలకిందులుగా పడతాయి. ఇక్కడ చాలామంది నిటారుగా నిలబడి ఫొటో తీసి, ప్రతిబింబం పలుచగా వచ్చిందని లెన్సుని తిట్టుకుంటారు.

నీటి మీద పడిన కాంతిలో ఎంత భాగం తిరిగి పైకి వస్తుందన్నది మనం చూసే కోణాన్ని బట్టి ఉంటుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తే వెనక్కి వచ్చేది 2 శాతమే. మిగతాది నీటిలోకి దిగుతుంది కాబట్టి అడుగున ఉన్న రాయి కనబడుతుంది. మనిషి నిలబడి 10 మీటర్ల దూరంలోని నీటిని చూస్తే అది 40 శాతానికి దగ్గరవుతుంది. అదే చోట గొంతుక్కూర్చుని, కెమెరాని నీటికి అరమీటరు ఎత్తులో పట్టుకుంటే 70 శాతం దాటుతుంది. ఖర్చు లేదు, మోకాళ్ళు సహకరిస్తే చాలు. గట్టు మెట్లలో కిందిది అందుకే మేలు. కాకపోతే పాచి పట్టిన మెట్ల మీద కెమెరా బెల్టు మెడలో ఉండాలి, ప్రాణం మీద భయం మనసులో ఉండాలి. గోదావరి రేవుల్లో ఒక్కసారిగా లోతెక్కువయ్యే చోట్లు చాలా ఉన్నాయి.

పోలరైజర్ ఫిల్టర్ అమ్మేవాళ్ళు అది నీటి మెరుపుని తీసేస్తుందని చెబుతారు. నిజమే, కానీ అన్ని కోణాల్లోనూ ఒకేలా కాదు. నీటి ఉపరితలానికి 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు దాని పని పూర్తిగా కనిపిస్తుంది. నిలబడ్డ మనిషికి ఆ చోటు కాళ్ళ ముందు రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. ఒడ్డు నీటిలోని చేపపిల్లల్ని తీయడానికి అంతకు మించిన పరికరం లేదు. దూరపు నది మీద మాత్రం దాని పనితనం తగ్గిపోతుంది. ప్రతిబింబం కోసం వెళ్ళి పోలరైజర్ బిగించుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి ఏం చెప్పాలో తెలియదు.

సూర్యుడు దిగుతున్నప్పుడు నీటి మీద పరచుకునే తళుకుల దారి కూడా ఒక కొలతే. చిన్న చిన్న అలల వాలు మీద అద్దంలా మెరిసే చోట్లన్నీ కలిస్తే ఆ దారి. గాలి పెరిగేకొద్దీ అలల వాలు పెరిగి దారి వెడల్పవుతుంది. చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రవేత్తలు విమానంలోంచి తీసిన ఇలాంటి తళుకుల ఫొటోలని కొలిచి, గాలి వేగానికీ నీటి గరుకుదనానికీ ఉన్న లెక్క తేల్చారు. 1954లో వచ్చిన ఆ పరిశోధనని ఉపగ్రహాలతో సముద్రాన్ని చూసేవాళ్ళు ఇప్పటికీ వాడుతున్నారు. నీటి మీది తళుకుల ఫొటోలు సైన్సుకి ఇంత పనికొచ్చిన సందర్భం నాకు ఇంకోటి గుర్తుకు రావడం లేదు.

వర్షాకాలంలో ఈ ఆటలన్నీ బంద్. ఎర్రనీరు వచ్చాక ప్రతిబింబం మట్టి రంగులో కలిసిపోతుంది. వరద తీశాక కూడా నీరు వెంటనే తేటపడదు. సన్నటి బంకమట్టి రేణువు, మిల్లీమీటరులో 500వ వంతుది, కదలని నీటిలో ఒక మీటరు లోతు దిగడానికే మూడు రోజులకు పైగా పడుతుంది. పారే నీటిలో అయితే అసలు దిగనే దిగదు. పులస చేపలకి వచ్చినవాళ్ళకి ఆ నీరు మంచిది, ఫొటోలకి వచ్చినవాళ్ళు దీపావళి దాకా ఆగడం మంచిది.

నది వెంట ఎక్కువమంది కెమెరాలు వెతికేది లకుముకి పిట్టని. మన గోదావరి, కృష్ణల మీద తేలిగ్గా కనబడేవి మూడు రకాలు. తెల్ల గొంతుది కరెంటు తీగల మీద కూడా కూర్చుంటుంది. చిన్న నీలిది బాణంలా నీటిని రాసుకుంటూ పోతుంది. నలుపు తెలుపుది గాలిలో నిలబడుతుంది.

ఆ మూడోదాన్ని కాసేపు చూడండి. నీటి పైన ఆగి, ఒళ్ళు ఏటవాలుగా వంచి, రెక్కలు విదిలిస్తూ ఉంటుంది. తోక విసనకర్రలా విప్పుకుంటుంది. ఒళ్ళంతా కదులుతున్నా తల మాత్రం ఉన్నచోటనే, ముక్కు నేరుగా కిందికి. మగదానికి ఎద మీద రెండు నల్లపట్టీలు, ఆడదానికి మధ్యలో తెగిన ఒక్కటే పట్టీ. చేప దొరక్కపోతే నాలుగు గజాలు జరిగి మళ్ళీ నిలబడుతుంది. చిన్న చేప దొరికితే కొమ్మ దాకా వెళ్ళకుండా ఎగురుతూనే మింగేయగలదు. అందుకే కూర్చోడానికి కొమ్మ లేని నడినదిలో కూడా దీనికి తిండి దొరుకుతుంది. ఫొటోగ్రాఫర్‌కి ఇది చేసే మేలు ఏమిటంటే, మునకేసే ముందు కొన్ని సెకన్లు ఉన్నచోటే ఉంటుంది. ఫోకస్ తలమీద పెట్టి ఆగితే చాలు. సెకనుకి 10 మీటర్ల వేగంతో పోయే పక్షి, సెకనులో వెయ్యో వంతులో ఒక సెంటీమీటరు జరుగుతుంది. ముక్కు చివర స్పష్టంగా రావాలంటే మూడు వేలో వంతుకైనా దిగాలి.

దాని మునకలో ఒక లెక్క ఉంది. నీటిలో ఉన్న చేప మన కంటికి ఉన్నదానికన్నా పైన కనిపిస్తుంది. నిలువుగా చూస్తే 40 సెంటీమీటర్ల లోతున ఉన్నది 30లో ఉన్నట్టు ఉంటుంది. ఏటవాలుగా చూస్తే ఆ మోసం ఇంకా ఎక్కువ. నిట్టనిలువుగా పడితే చేప ఉన్న దిక్కు తప్పదు, లోతు మాత్రమే తప్పుతుంది. గాలిలో నిలబడే లకుముకి సరిగ్గా చేపకి పైన నిలబడడం అందుకు పనికొస్తుంది.

చిన్న నీలి లకుముకి కథ వేరు. దాని వీపు మీది నీలంలో నీలం రంగు పదార్థమే లేదు. ఈకల లోపల కెరటిన్ అనే పదార్థం స్పాంజిలా సన్నటి రంధ్రాలతో ఉంటుంది. ఆ రంధ్రాల మధ్య దూరం నీలికాంతి తరంగానికి సరిపోయేలా ఉండడంతో ఆ ఒక్క రంగే బలంగా వెనక్కి వస్తుంది. పొట్ట మీది నారింజ మాత్రం నిజమైన వర్ణకమే. 2011లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ఈకల్ని సూక్ష్మదర్శినిలో పెట్టి ఈ రెండింటినీ విడదీసి చూపించారు. మనకు పనికొచ్చేది ఇది: వెనక్కి రావాలంటే ముందు కాంతి దాని మీద పడాలి. సూర్యుడు మన వీపు వెనక ఉంటే ఆ పిట్ట నిప్పులా వెలుగుతుంది, ఎదురుగా ఉంటే నల్లటి ముద్దలా కనిపిస్తుంది. మంచుకి కొవ్వూరు గట్టు, లకుముకికి రాజమండ్రి గట్టు. ఒకే పొద్దున రెండూ కావాలంటే వంతెన దాటాలి, అప్పటికి వెలుగు దాటిపోతుంది.

కొంగల గురించి ఒక్క మాట. చీకటి నీటి ముందు ఒంటరి తెల్ల కొంగ ఉంటే కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతుంది, ఈకలు సున్నం కొట్టినట్టవుతాయి. తగ్గించుకోవాలి. ఫ్రేమంతా కొంగలే ఉన్నా, మంచే ఉన్నా కెమెరా వెలుగు తగ్గించి బూడిద రంగు చేస్తుంది. పెంచుకోవాలి.

పొద్దెక్కాక దూరపు ఇసుకతిన్నె మీది పక్షుల్ని పది లక్షలు దాటే లెన్సుతో తీసినా మెత్తగానే వస్తాయి. ఆ తప్పు లెన్సుది కాదు. కాగిన ఇసుక మీద గాలి ఒక్కోచోట ఒక్కో వేడితో ఉంటుంది. ఒక డిగ్రీ తేడాకి గాలి కాంతిని వంచే గుణం పది లక్షల్లో ఒక వంతు మారుతుంది. వినడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ, ఆ వంపులు వందల మీటర్ల పొడవునా పోగై, పెద్ద లెన్సులో మరింత పెద్దవవుతాయి. రోడ్డు మీద మధ్యాహ్నం కనబడే నీళ్ళ భ్రమకి మూలం ఇదే. దీనికి మందు రెండే: పొద్దున్నే తీయడం, లేదా దగ్గరకి వెళ్ళడం.

దగ్గరకి వెళ్ళడం అనగానే ఆగాలి. మార్చి నుంచి మే దాకా నీరు తగ్గి బయటపడే ఇసుక మేటల మీద రివర్ టెర్న్‌లు, చిన్న చిన్న ప్రాటింకోల్‌లు అనే పక్షులు, తీతువులు గుడ్లు పెడతాయి. గూడు ఉండదు, ఇసుకలో చిన్న గుంట. గుడ్లు కూడా ఇసుక రంగులో మచ్చలతో ఉంటాయి. పక్కన నిలబడ్డా కనిపించవు, కాలి కింద పడినా తెలియదు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇసుక 50 డిగ్రీలు దాటుతుంది. అంత వేడి గుడ్డులోని పిండానికి ప్రాణాంతకం. అందుకే తల్లిదండ్రులు వంతులవారీగా గుడ్ల మీద నీడ పట్టి నిలబడతాయి. కొన్ని నదిలో దిగి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటాయి. తీతువుల్లో ఇది చాలాసార్లు చూశారు. మధ్యాహ్నం పూట పెద్ద పక్షి లేచిపోయేలా పది నిమిషాలు దగ్గర నిలబడితే, ఆ నీడ తీసేసినది మనమే. పక్షులు తల మీద అరుస్తూ తిరుగుతున్నాయంటే ఫొటోకి మంచి సందర్భం వచ్చిందని కాదు, వెనక్కి నడవమని. ఈ విషయంలో మధ్యేమార్గం ఉందని నేను అనుకోను. డ్రోను సంగతి చెప్పనే అక్కర్లేదు. పై నుంచి వచ్చే దేన్నయినా ఆ పక్షులు గద్దగానే లెక్కేస్తాయి.

నది చివరికి, కోరంగికి వచ్చేసరికి గడియారమే మారిపోతుంది. అక్కడ పొద్దు కన్నా పోటుపాట్లు ముఖ్యం. కాకినాడకు దగ్గర్లోని ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్న చోటు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి మర్నాడు అదే పోటు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణములకి పెద్ద పోటు, అష్టమి దగ్గర్లో చిన్నది. నీరు బాగా పాటు తీసినప్పుడు వెళ్తే పక్షులన్నీ దూరపు బురదలో చుక్కల్లా ఉంటాయి. పోటు ఎక్కుతున్నప్పుడు వెళ్తే నీరే వాటిని మెల్లగా మన వైపు తోలుకొస్తుంది. చేపలవాళ్ళని అడిగితే ఆ రోజు పోటు వేళ నోటి లెక్కతో చెప్పేస్తారు. పాటు వేళ మాత్రం వృథా ఏమీ కాదు. చెక్క నడకదారి మీద బోర్లా పడుకుంటే, కింది బురదలో ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉన్న మగ పీతలు ఆడవాటి కోసం దాన్ని ఊపుతుంటాయి, మడ్‌స్కిప్పర్ చేపలు చర్మంతో గాలి పీల్చుకుంటూ గెంతుతుంటాయి.

చలికాలంలో కాకినాడ తీరానికి ఇండియన్ స్కిమ్మర్లు వస్తాయి. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడుగ్గా ఉండి, ఎగురుతూ నీటిని దున్నుకుంటూ పోయే పక్షి ఇది. చంబల్, మహానది లాంటి నదుల ఇసుక మేటల మీద గుడ్లు పెడుతుంది, అక్కడి మేటలు చెడిపోతుండడంతో తరిగిపోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది.

ఇలాంటి పక్షి ఫొటో ఒకటి మీ ఫోనులోనో హార్డ్ డిస్కులోనో ఉంటే అది అక్కడే ఉండిపోనివ్వకండి. కెమెరా తేదీ, సమయం తనంతట తానే రాసుకుంటుంది, చోటు మీరు చేర్చాలి. ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైటులో ఎక్కిస్తే ఏ నది మీద ఏ పక్షి ఎప్పుడు ఉందన్న లెక్కలో అది ఒక సాక్ష్యమవుతుంది. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. పక్షుల పేర్లు కొద్దిగా తెలిసిన వాళ్ళు, ఓపిగ్గా లెక్కపెట్టగలవాళ్ళు ఎవరైనా అందులో చేరవచ్చు. గూడు ఫొటో అయితే మాత్రం ఊరి పేరు, మేట పేరు ఎవరికీ చెప్పకండి, ఫొటోలోని లొకేషన్ కూడా తీసేసి పెట్టండి.